బతుకు లెక్క: చిన్న వ్యాపారం నడుపుతూ మనకంటూ ఒక జీవితం కట్టుకోవడం ఎలా

మాది బరంపురం. చిరునామా ఒడిశా, ఇంట్లో మాట తెలుగు, దుకాణంలో రెండూ. తాతగారి కాలం నుంచి ఊరగాయలు, అప్పడాలు, వడియాలే మా బతుకుతెరువు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర పైలిన్ తుపాను తీరం దాటింది. ఆ రాత్రి నేను ఇంట్లో లేను. గోదాములో జాడీల మీద టార్పాలిన్ కప్పి, అది ఎగిరిపోకుండా దాని మీద కూర్చున్నాను. ఇంట్లో మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరు చిన్నపిల్లలు, పైన రేకుల కప్పు. తెల్లారాక మోకాలి లోతు నీళ్లలో ఇంటికొస్తే మా ఆవిడ ఒకటే అడిగింది: "జాడీలు బాగున్నాయా?"

అది వెటకారమో, నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగే ధైర్యం చేయలేదు.

ఆ రోజే మారిపోయానని చెప్తే అబద్ధం. ఇంకో మూడేళ్లు అలాగే నడిపాను. తర్వాత ఒక్కో పని సరిదిద్దుకుంటూ వచ్చాను. ఆ పనులే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను చేసిన వరస ఇది కాదు, మళ్లీ మొదలెడితే చేసే వరస. పదిమంది లోపు పనివాళ్లున్న వ్యాపారాన్ని మనసులో పెట్టుకుని రాశాను. అంతకంటే పెద్దదైనా మొదటి నాలుగు అడుగులు మారవు.

మొదటి అడుగు: వారం రోజుల గంటలు రాయండి

నలభై పేజీల నోటుబుక్కు ఒకటి గల్లా పక్కన పెట్టుకోండి. అరగంటకోసారి ఏం చేశారో ఒక ముక్క రాయండి, పక్కన ఒక గుర్తు పెట్టండి. నేనే చేయాల్సిన పనికి "నే". ఎవరైనా చేయగలిగిన దానికి "ఎ". ఇంటికి, మనుషులకు ఇచ్చిన సమయానికి "ఇ". ఊరికే ఫోను చూస్తూ గడిచిపోతే "ఖా". ఏడు రోజులూ, ఆదివారంతో సహా రాయాలి. యాప్‌లు వద్దు. ఫోను తీస్తే ఇంకో పని తగులుకుంటుంది.

నా వారంలో దుకాణానికి పోసిన గంటలు 91. అందులో "నే" గుర్తు పడినవి 19. మామిడికాయ బేరం, బ్యాంకు పని, పాకం చూడటం, కొత్త షాపువాళ్లతో మాటలు, అంతే. మిగతా 72 గంటల్లో ఎక్కువ భాగం "బాబూ, ఉప్పెంత?", "బాబూ, ఈ పార్సిల్ ఎవరిది?" అని అడిగితే జవాబు చెప్పడానికి అక్కడ నిలబడి ఉండటం. అన్నాళ్లూ నేను కష్టపడుతున్నాననుకున్నాను. చేస్తున్నది కాపలా.

వారం అయ్యాక ఇంకో పని చేయండి. రాత్రి ఆ పేజీలు మీ ఇంటావిడకో, ఇంటాయనకో చూపించండి. మీరు "నే" అని పెట్టిన వాటిలో నాలుగైదు ఆ మనిషి కొట్టేస్తారు. వాదించకండి. మా ఇంట్లో ఆరు కొట్టేసింది, ఐదు సబబే.

రెండో అడుగు: రెండు గల్లాలు

మన వైపు చిన్న వ్యాపారాల్లో తొంభై పాళ్లు గోల ఇక్కడే ఉంటుంది. దుకాణం గల్లాలోంచే కూరగాయలు, అందులోంచే స్కూలు ఫీజు, అందులోంచే మరదలి పెళ్లికి చదివింపులు. ఏడాది చివర లాభం ఎంతంటే ఆడిటరు చెప్పేదాకా తెలీదు. చెప్పినా నమ్మబుద్ధి కాదు.

చేయాల్సింది ఇది. గడిచిన 12 నెలల్లో సరుకు, కూలీలు, అద్దె, కరెంటు, అప్పు కిస్తీ పోగా నెలనెలా ఎంత మిగిలిందో రాయండి. అందులో అన్నిటికన్నా తక్కువ మిగిలిన మూడు నెలలు తీసుకుని సగటు చూడండి. మంచి నెలల సగటు చూస్తే మోసపోతాం. ఆ మూడు నెలల సగటు 85,000 వచ్చిందనుకుందాం. దాంట్లో 45,000 మీ జీతం. మీ ఇంటావిడ దుకాణంలో పనిచేస్తుంటే ఆవిడ జీతం 15,000. మిగిలిన 25,000 దుకాణంలోనే ఉండాలి, పన్నుకూ రిపేర్లకూ గడ్డు నెలలకూ. ఒకటో తారీఖున జీతాలు వాటంతటవే పడేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. నెల మధ్యలో గల్లాలో చెయ్యి పెట్టాల్సి వస్తే చీటీ మీద "ఇంటి అప్పు" అని రాసి తీయండి. చీటీ రాయాలంటేనే సగం సార్లు చెయ్యి వెనక్కి వస్తుంది.

ఆ 15,000 గురించి కాస్త చెప్పాలి. మా ఆవిడ పదిహేడేళ్లు పొద్దున్న ఐదింటికి లేచి మినప్పిండి తడిపించింది, అప్పడాల లెక్క చూసింది, ఎండబెట్టే డాబా మీద కాకుల్ని తోలింది. ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటారు" అని నేనే చెప్పేవాణ్ణి. మొదటి నెల జీతం ఆవిడ ఖాతాలో పడ్డాక, దాంతో ఆవిడ ఏం కొంటుందోనని నేను చూశాను. ఏమీ కొనలేదు. మూడు నెలలు అలాగే ఉంచి, నాలుగో నెలలో నన్ను అడక్కుండా పర్లాకిమిడిలో ఉన్న వాళ్లమ్మ కంటి ఆపరేషన్‌కు పంపింది. అంతకుముందు ఇలాంటి అవసరం వచ్చినప్పుడల్లా నన్ను అడగడానికి సమయం చూసుకునేదట. వ్యాపారం బాగా నడుస్తోందని ఊళ్లో పేరున్న రోజులవి.

ఇంటి ఆడవాళ్ల పని ఉచితం అనుకుని వేసిన లాభం లెక్క తప్పుడు లెక్క. జీతం ఇచ్చాకా మిగిలితేనే లాభం.

మూడో అడుగు: "చాలు" అంకె వేసుకోండి

వ్యాపారం ఎంత పెరగాలి? ఈ ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర జవాబు ఉండదు, పక్కవాడి షాపు ఉంటుంది.

కాగితం తీసుకోండి. నెల ఇంటి ఖర్చు. పిల్లల చదువు ఇంకా ఎన్నేళ్లు, ఏడాదికెంత. పెద్దవాళ్ల మందులు. తీర్చాల్సిన అప్పు. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా చేతిలో డబ్బు. టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ప్రీమియంలు. ఇవన్నీ కలిపి నెలకు ఇంటికి ఎంత రావాలో తేల్చండి. అదే ఈ ఏటి "చాలు" అంకె. జన్మకంతా ఒకటే అంకె ఉండదు, ఏటేటా మారుతుంది.

ఈ అంకె ఎందుకు పనికొస్తుందో మా సరిహద్దు లెక్క ఒకటి చెప్తాను. ఇచ్ఛాపురం మాకు పాతిక కిలోమీటర్లు. అక్కడ చుట్టాలున్నారు, అదే భాష, అదే నాలుక, అదే ఆవకాయ. కానీ జీఎస్టీకి అది వేరే రాష్ట్రం. ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవరు ఉన్న తయారీదారు కాంపోజిషన్ స్కీములో, అంటే చిన్న వ్యాపారులకున్న సులువు జీఎస్టీ పద్ధతిలో ఉంటే ఒక శాతం పన్నుతో, మూడు నెలలకోసారి కట్టుకుని సుఖంగా ఉండొచ్చు. ఏడాదికొక రిటర్ను. షరతు ఏమిటంటే రాష్ట్రం దాటి అమ్మకూడదు. దాటాలంటే రెగ్యులర్‌లోకి, అంటే మామూలు జీఎస్టీ పద్ధతిలోకి రావాలి. అప్పుడు నెల అమ్మకాల వివరం మరుసటి నెల 11వ తేదీకి, పన్ను రిటర్ను 20వ తేదీకి. ఐదు కోట్ల లోపు టర్నోవరు ఉంటే రిటర్నులు మూడు నెలలకోసారి వేసుకునే వెసులుబాటు ఉంది, కానీ పన్ను మాత్రం నెలనెలా కట్టాల్సిందే. యాభై వేలు దాటిన సరుకు బండికి ఈ-వే బిల్లు, అంటే ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం. బిల్లుల పని చూడటానికి ఒక మనిషి.

ఇచ్ఛాపురం, సోంపేట షాపులవాళ్లు సరుకు అడిగినప్పుడు నాకు నోరూరింది. కాగితం తీసి చూసుకుంటే ఆ ఏటి అంకె అప్పటికే నిండింది. వద్దన్నాను. ఊళ్లో తోటి వ్యాపారులు పిచ్చివాడన్నారు. రెండేళ్లకు పెద్దమ్మాయి కాలేజీ ఫీజు వచ్చి అంకె మారింది. అప్పుడు రెగ్యులర్‌లోకి మారి, బిల్లులకు ఒక కుర్రాణ్ణి పెట్టుకుని సరిహద్దు దాటాను. కాదన్నదీ సరైనదే, ఔనన్నదీ సరైనదే. అంకె లేకపోయుంటే రెండుసార్లూ పక్కవాణ్ణి చూసి తేల్చుకునేవాణ్ణి.

మీ వ్యాపారానికి ఏ స్కీము కుదురుతుందో మీ ఆడిటరుతో కూర్చుని చూసుకోండి. రేట్లు మారుతుంటాయి.

నాలుగో అడుగు: మీ గుప్పెడును తూకం వేయండి

2016 మే నెలలో మా తోడల్లుడి గృహప్రవేశానికి విశాఖ వెళ్లాను. రెండు రోజులే. వచ్చాక వారానికి నలభై కిలోల మాగాయ బూజు పట్టింది. ఉప్పు తక్కువైంది. మా దగ్గర పాతికేళ్లుగా పనిచేసే అప్ప అనే ఆవిడను పిలిచి గట్టిగా అరిచాను, అందరి ముందూ. ఆవిడ నెమ్మదిగా అంది: "బాబూ, మీరు గుప్పెడు గుప్పెడు అని చెప్పారు. నేను నా గుప్పెడే వేశాను."

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక కాటా ముందు కూర్చుని నా గుప్పెడు ఉప్పును ఏడుసార్లు తూచాను. 58 గ్రాముల నుంచి 74 దాకా వచ్చింది. మర్నాడు అప్ప చేతిని తూస్తే 46. తప్పు ఆవిడది కాదు. వ్యాపారమంతా నా చేతి సైజులో ఇరుక్కుని ఉంది. నేను ఊరు కదలలేకపోవడానికి కారణం కూడా అదే. ఆవిడకు క్షమాపణ చెప్పాను, మళ్లీ అందరి ముందే. అరవడం కన్నా అది కష్టమైంది.

మీ పనిలోనూ ఇలాంటి గుప్పెడు ఒకటి ఉంటుంది. బట్టల షాపైతే ఎంత తగ్గించాలన్నది, వర్క్‌షాపైతే ఇంజను చప్పుడు విని చెప్పేది, సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే క్లయింటుకు ఏం రాయాలన్నది. దాన్ని బయటికి తీసే పద్ధతి ఇది.

ఆ పనిని మీ మనిషి చేత చేయించండి. మీరు పక్కన స్టూలు మీద చేతులు కట్టుకుని, నోరు మూసుకుని కూర్చోండి. ఆగలేక ఎక్కడ నోరు తెరిచారో ఆ చోటు నోటుబుక్కులో రాసుకోండి. రాయాల్సింది ఆ చోట్లే, మొత్తం పని కాదు. మాగాయలో నేను నాలుగు చోట్ల నోరు తెరిచాను. ముక్క ఎంత ఎండాలి, ఉప్పెంత, ఊట ఎప్పుడు పిండాలి, నూనె ఎంత వేడిలో పోయాలి. ఆ నాలుగింటికే కొలతలు పెట్టాం.

రాసేది పనిచేసేవాళ్ల మాటలో ఉండాలి. పుస్తకాల భాష కాదు, మనుషులు మాట్లాడే భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా పక్కనున్న పర్లాకిమిడిలోనే. సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు చేసినాయన. మా గోడ మీది కాగితం సగం తెలుగు, సగం ఒడియా, చదవడం రానివాళ్ల కోసం ఎర్ర గిన్నె బొమ్మ. ఎర్ర గిన్నెలో గీత దాకా ఉప్పు. అంతే.

తర్వాత డబ్బు. రెండు వేల రూపాయల లోపు ఏ నిర్ణయమైనా నన్ను అడగక్కర్లేదని చెప్పాను. మిక్సీ బెల్టు తెగినా, కస్టమరుకు సీసా మార్చి ఇవ్వాల్సొచ్చినా అప్పే చూసుకుంటుంది. మొదటి ఏడాదిలో నాకు నచ్చని నిర్ణయాల వల్ల పోయింది మొత్తం పదివేల లోపే. ఒక్క మాగాయ జాడీ బూజు పట్టినప్పుడు పోయినదాని కన్నా తక్కువ.

ఇక వదలడం. ఒక మధ్యాహ్నం పూట వదలండి. నెల తర్వాత ఒక రోజంతా. ఆ తర్వాత రెండు రాత్రులు. చివరికి నాలుగు రోజులు. ఫోను మూడు కారణాలకే చేయాలని చెప్పండి: నిప్పు, దెబ్బ తగలడం, ఆఫీసర్లు రావడం. మీరూ ఫోను చేయకూడదు, ఇదే అసలు కష్టం. నేను రెండో రాత్రి వరండాలోకి వెళ్లి దొంగచాటుగా చేశాను. అప్ప ఎత్తలేదు. మూడింటిలో ఏదీ కాదు కదా అందట తర్వాత.

తిరిగొచ్చాక వారం రోజులు ఎవర్నీ ఏమీ అనకండి. నాలుగు రోజుల్లో ఒక పార్సిల్ వేరే ఊరు పోయింది, ఒక పాత కస్టమరు అలిగాడు, అరలన్నీ సర్దేశారు. ఆ సర్దుడు నాకు నచ్చలేదు. ఇప్పటికీ అలాగే ఉంది, అమ్మకానికి అదే నయం.

ఐదో అడుగు: ఏడాదిని ముందే పంచుకోండి

ఉగాదికి కొత్త క్యాలెండరు వచ్చాక కూర్చుని మొదట ఇంటివి రాయండి, తర్వాత వ్యాపారానివి. తిరగేసి రాస్తే ఇంటికి మిగిలేవి చినుకు పడి డాబా మీద ఏమీ ఎండని రోజులే.

మా ఏడాది ఇలా ఉంటుంది. మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా అప్పడాలు, వడియాలు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా మామిడి, ఆ రెండు నెలలూ ఇంట్లో నన్ను లెక్కలో వేసుకోరు, అది ఒప్పందమే. దసరాకు ముందు షాపుల ఆర్డర్లు. అక్టోబరంటే తుపానుల భయం, 2018లో తిత్లీ కూడా అక్టోబరు 11నే వచ్చింది. అందుకే ఆ నెలలో గోదాములో ఏ సరుకూ నేల మీద ఉండదు, అంతా రెండడుగుల ఎత్తు బల్లల మీదే. ఈ పని సెప్టెంబరులోనే అయిపోతుంది కాబట్టి, మళ్లీ అలాంటి రాత్రి వస్తే నేను ఇంట్లో ఉంటాను. కార్తీకంలో ఒడియా ఇళ్లలో చాలామంది ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు, అప్పుడు వెల్లుల్లి లేని పచ్చళ్లకు గిరాకీ.

వీటి మధ్యలో ఒడియావాళ్ల రజ పండగ. జూన్ మధ్యలో మూడు రోజులు భూదేవికి విశ్రాంతి అంటారు. నాగలి కదలదు, ఆడవాళ్లు రుబ్బరు, దంచరు, కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. మా పనివాళ్లలో ఒడియా ఆడవాళ్లే ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ మూడు రోజులూ నేను విసుక్కునేవాణ్ణి, మామిడి ఆఖరి సరుకు కుళ్లిపోతోందని. రెట్టింపు కూలి ఇస్తానన్నా రారు. ఒక ఏడు విసుగు మాని నేనూ మూసేశాను. ఆఖరి కాయ వారం ముందే కొనడం మానేస్తే సరిపోతుందని తేలింది. ఇప్పుడు మా ఇల్లంతా కదిలే సెలవు అదే. రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడు ఇల్లంతా చుట్టాలు, ఆ ఏడాది కొత్త పనులేవీ పెట్టుకోము.

మీ ఊళ్లో, మీ వ్యాపారంలో ఇలాంటి రోజులు తప్పకుండా ఉంటాయి, ఎవరూ పనికి రాని రోజులు. సెలవును వాటి మీద పెట్టుకోండి. ఎదురీదడం దండగ.

ఆరో అడుగు: అరువుకు గడువు

నిద్ర చెడగొట్టేది పోటీ కాదు, రావాల్సిన డబ్బు. దీని మీద ఎక్కువ చెప్పను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉచితం, ఈ వారమే చేయించుకోండి. సూక్ష్మ, చిన్న తయారీదారు దగ్గర సరుకు కొన్న వ్యాపారి రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటితే ఆ ఖర్చును డబ్బు కట్టిన ఏడాదిలో తప్ప ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోలేడు. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. బిల్లు మీద మీ ఉద్యమ్ నంబరు అచ్చు వేయిస్తే చాలు, సగం మంది అడక్కుండానే కడతారు. మిగతా సగంలో ఇద్దరు ముగ్గురిని వదులుకోండి. నేను వదులుకున్న ఒకాయన నా అమ్మకంలో ఎనిమిదో వంతు, నా బీపీలో సగం.

ఏడో అడుగు: మిగిలిన గంటలు ఎవరికి

ఇక్కడిదాకా వచ్చాక నిజంగానే గంటలు మిగులుతాయి. వాటిని ఏం చేయాలో తెలీక చాలామంది రెండో షాపు తెరుస్తారు. నేనూ అద్దెకు గది చూశాను, అడ్వాన్సు ఇచ్చేవాణ్ణే.

ఆ వారంలోనే చిన్నమ్మాయి మా నాయనమ్మ పచ్చళ్ల నోటుబుక్కు తిరగేస్తూ, "నాన్నా, ఇది ఏ లిపి?" అంది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల. చదివింది ఇంగ్లీషు, ఒడియా. బోర్డు మీద నాయనమ్మ పేరు పెట్టుకుని మూడు తరాలు తిన్నాం, ఆవిడ రాసిన ముక్క చదివేవాళ్లు నా తర్వాత ఎవరూ లేరు. గది వద్దని చెప్పేశాను.

ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఇప్పుడు ఆ నోటుబుక్కే. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని పాత కొలతలు నేను చెప్తాను, చిన్నమ్మాయి ఫోనులో గ్రాముల్లోకి మారుస్తుంది. మొదట్లో పేజీకి నెల పట్టింది. ఆవకాయ పేజీలో కారం, ఆవపిండి కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఉప్పు దగ్గర మాత్రం నాయనమ్మ "చేతికి తెలుస్తుంది" అని రాసిపెట్టింది. అమ్మాయి నా వైపు చూసి, "46ఆ, 74ఆ?" అంది.

మీకు పట్టే పని వేరే ఉండొచ్చు. క్రికెట్ కావచ్చు, గుడి కమిటీ కావచ్చు, పాత స్నేహితుడితో టీ కావచ్చు. నాకు తెలిసిన రెండే షరతులు: అది వారంలో ఒకే రోజు, ఒకే టైముకు ఉండాలి, దాన్నుంచి పైసా రాకూడదు. పైసా వస్తే అదీ దుకాణమే అయిపోతుంది. నోటుబుక్కును పుస్తకంగా వేసి అమ్ముదామని మా బావమరిది సలహా ఇచ్చాడు, టీ ఇచ్చి పంపించాను.

ఒంటి సంగతి రెండు మాటల్లో. షుగరు, బీపీ ఏడాదికోసారి చూపించుకోండి, కౌంటరు దగ్గర నిలబడి అన్నం తినడం మానండి. మిగతావి డాక్టరు చెప్తారు.

ఎప్పుడు మొదలెట్టాలి

మీ సీజనులో మాత్రం మొదలెట్టకండి. మామిడి దినాల్లో గంటలు రాయబోయి నేను మూడో రోజే నోటుబుక్కు విసిరేశాను. గిరాకీ పల్చబడ్డ నెల చూసుకుని సోమవారం మొదటి అడుగు వేయండి. రెండు గల్లాలకు మూడు నెలలు పడుతుంది, "చాలు" అంకెకు ఒక సాయంత్రం. గుప్పెడు తూచడానికి మాత్రం ఏడాది పైనే పడుతుంది, అందులో తొందరపడితే సరుకు బూజు పడుతుంది. భాగస్వాములుగా అన్నదమ్ములుంటే రెండో అడుగుకు ముందే వాళ్లను కూర్చోబెట్టి, ఎవరి జీతం ఎంతో కాగితం మీద పెట్టుకోండి. ఆడవాళ్లు కూడా ఆ గదిలో ఉండాలి. మా ఇంట్లో ఆ ఒక్క సమావేశం మూడు ఆదివారాలు నడిచింది, రెండోదాంట్లో మా తమ్ముడు కాఫీ తాగకుండా లేచి వెళ్లిపోయాడు. మూడోదానికి వాళ్లావిడే వెంటబెట్టుకుని తీసుకొచ్చింది.